మిరియాన్ని ఒక్కసారే పిలవాలి

1
పాటు బాగుంది, సముద్రం బాగా వెనక్కి పోయింది. గాలి తక్కువ. కుక్క రాలేదు.

మేమంతా కాపురముండే ఈ మేటకు పెద్ద పల్లంరాజు గారు. కుక్కకు ఏం నేర్పుతున్నానో రాసిపెట్టమన్నది ఆయనే. "రేపు అవతలి మేటవాళ్ళకూ ఓడలోంచి ఓ కుక్కని దింపితే నీ రాతలు పనికొస్తాయమ్మా తాయారూ" అన్నారు. సరే, రాస్తున్నాను. నేను పిలిచాను, అది రాలేదు. మళ్ళీ పిలిచాను, రాలేదు. గొంతు పోయేదాకా పిలిచాను. అది నావైపు ఓసారి చూసి, తోక ఊపి, ఎగిరే పీతల వెంట పడింది. చివరికి నేనే పడుతూ లేస్తూ వెళ్ళి మెడపట్టా పట్టుకుని లాక్కొచ్చాను. అవతలి మేటవాళ్ళకు ఇది ఎలా పనికొస్తుందో వాళ్ళే చూసుకోవాలి.

దాని పేరు మిరియం. ఓడవాళ్ళ మంచుపెట్టెలో గుప్పెడంత పిల్లగా నిద్రపోతూ వచ్చింది. కరిగించి నా ఒళ్ళో పెట్టగానే కళ్ళు తెరిచి తుమ్మింది. నల్లగా, గుండ్రంగా ఉండి పైగా తుమ్మిందని బుల్లెమ్మ పిన్ని ఆ పేరు పెట్టింది. ఇప్పుడు నా మోకాలు దాటి ఎదిగింది. ఈ నేల మీద కాలు పెట్టిన మొదటి కుక్క అదే. మా పెద్దవాళ్ళు కుక్కల గురించి కథలు చెప్పేవారు గానీ, పిలిస్తే అవి ఎందుకు వస్తాయో, ఎందుకు రావో ఎవరూ చెప్పి పోలేదు.

అంతకుముందు నేను మరపిట్టల్ని, అంటే గాల్లో ఎగిరే యంత్రాల్ని, నడిపేదాన్ని. సముద్రం వెనక్కి పోయినప్పుడు బయటపడే పర్ర మీద మేం నాచు కోసుకుంటాం. మా తిండీ, మందూ, దీపాల్లోకి నూనే అన్నీ అందులోంచే. పర్ర చూడ్డానికి గట్టిగా ఉంటుంది గానీ పెచ్చు కింద అక్కడక్కడా గుల్ల. అడుగు పడిందంటే మనిషి నడుం దాకా దిగబడతాడు, ఇక ప్రాణంతో పైకి రాడు. ఎక్కడ గుల్ల ఉందో మరపిట్టలు పైనుంచి చూసి చెప్పేవి. సముద్రం మీంచి ఉప్పుపొగ కమ్మడం మొదలయ్యాక అవన్నీ ఒకదాని తర్వాత ఒకటి రాలిపోయాయి. రేడియోలూ మూగపోయాయి. ఇప్పుడు పర్ర మీద పనిచేసేవి మనిషి గొంతు, మిరియం ముక్కు, అంతే. గుల్లనేల అడుగున ఏదో కుళ్ళు వాసన ఉంటుంది కాబోలు, మనకు తెలియదు. అది మాత్రం ఆగి, ముక్కు చిట్లించి, తుమ్ముతుంది.

అంత గొప్ప ముక్కున్న కుక్క పిలిస్తే రాకపోతే ఏం లాభం? పోటు వచ్చే ముందు మా మేట గుమ్మం తలుపు దానంతట అదే దిగిపోతుంది. సముద్రం ఎంత దగ్గరికి వచ్చిందో చూసుకుని దిగే తలుపు అది. ఎవరు బతిమాలినా ఆగదు. అప్పటికి బయట ఉన్నవాళ్ళు బయటే.

2
పొగ దట్టంగా ఉంది. పని లేదు. పల్లంరాజు గారు వచ్చారు.

ఆయన వస్తే కూర్చోరు. నిలబడే మాట్లాడతారు. ఈసారి కూర్చున్నారు.

"పెద్ద పాటు వస్తోందమ్మా" అన్నారు. "సముద్రం ఏడాదిలో అంత దూరం ఇంకెప్పుడూ పోదు. దూరపు పర్రలో నాచు అప్పుడే కోసుకోవాలి. అక్కడికి తాడు కట్టిన కుక్క పనికిరాదు. తాడు రాళ్ళకి చుట్టుకుని మీ ఇద్దరూ అక్కడే ఉండిపోతారు."

"తాడు లేకుండానే తీసుకెళ్తానండి."

"తొలి పిలుపుకి వస్తుందా?"

మిరియం ఆయన చెప్పు కొరుకుతోంది.

"పెద్ద పోటు తగ్గాక ఓడ వస్తుంది. వాళ్ళ దగ్గర మంచుపెట్టె ఉంటుంది" అన్నారు ఆయన, చెప్పు విడిపించుకుంటూ. "అప్పటికి ఇది తొలి పిలుపుకి రావడం నేర్చుకుంటే సరే. లేదంటే మళ్ళీ నిద్రపుచ్చి పంపించేద్దాం. నామీద కోపం తెచ్చుకోకమ్మా. తలుపు దిగే వేళకి ఇది బయట ఉండిపోయిందనుకో, దీని వెనకాల నువ్వు పరిగెడతావు. నాకు తెలుసు. కుక్క కోసం మనిషిని వదులుకోమంటావా?"

నేను పరిగెత్తనని చెప్పబోయాను. ఆయన నా మొహం చూసి, తల ఊపి, లేచి వెళ్ళిపోయారు.

నా బిడ్డను మంచులో పెడతారట! చూస్తాను, ఎలా పెడతారో.

3
ఈ రోజు నాకు పట్టరాని సంతోషం. అక్షరాలు వంకర పోతున్నాయి, అయినా రాస్తాను.

ఒక ఎగిరే పీత నా చెప్పులో దూరింది. కెవ్వుమని అరిచి మేట వైపు పరుగు తీశాను. మిరియం ఎక్కడుందో కూడా పట్టించుకోలేదు. వెనకాల టపటపమని చప్పుడు వినిపించింది. తిరిగి చూస్తే మిరియం! చెవులు వెనక్కి వాల్చి, నాలుక పక్కకు వేలాడేసి, నన్ను దాటిపోయి, ఎదురుగా నిలబడి, "అప్పుడే ఆపేశావేం?" అన్నట్టు చూసింది.

ఇన్నాళ్ళూ నేను దాని వెంట పడ్డాను. దానికది ఆట. తాయారు వస్తోంది, పరిగెత్తు! ఈ రోజు నేను పారిపోయాను, ఆట తిరగబడింది. పీత సంగతి మర్చిపోయి మళ్ళీ పరిగెత్తాను. మళ్ళీ వచ్చింది. అటు పరిగెత్తాను, అటూ వచ్చింది. నాచు మూటలు మోస్తున్న జనం ఆగి మరీ నన్ను చూసి నవ్వారు. నవ్వుకోనీ.

ఇంకో సంగతి కూడా బుర్రకెక్కింది. మరపిట్టకు "వెనక్కి" అని ఎన్నిసార్లు మీట కొట్టినా తప్పు లేదు. మాట అందిందో లేదో తెలియదు కాబట్టి అది తిరిగేదాకా కొడుతూనే ఉండడం మా అలవాటు. నేను మిరియానికి కూడా అలాగే "వెనక్కి, వెనక్కి, వెనక్కి" అంటూ కూర్చున్నాను. ఆ మాట గాలి చప్పుడు లాంటిదని, దానికి అర్థమేమీ లేదని అది నేర్చుకుంది. చాలా బాగా నేర్చుకుంది. పాఠం చెప్పింది నేనే మరి.

ఆ మాట విరిగిన పాలతో సమానం. దాన్ని పారబోసి కొత్తది మొదలుపెడతాను.

4
పాటు చిన్నది. ఎండ బాగుంది.

కొత్త మాట "ఇదిగో". ఎవరికైనా ఏదైనా చేతిలో పెడుతూ అనే మాట కదా, నోటికి కూడా హాయిగా ఉంది.

అవతలి మేటవాళ్ళకు: మొదట గదిలోనే మొదలుపెట్టండి. "ఇదిగో" అనండి, వెంటనే నోటికి ఎండు రొయ్య అందించండి. కుక్క వచ్చినా రాకపోయినా ఫరవాలేదు, మాట వినబడిందంటే రొయ్య పడాలి. మా తొట్టి రొయ్యలు ఎండబెడితే వాటి కంపుకు మనుషులు లేచిపోతారు గానీ మిరియానికి ప్రాణం లేచొస్తుంది. ఆ రొయ్య ఇంకెందుకూ పెట్టకూడదు. పిలుపుకే పెట్టాలి.

తర్వాత పొడవాటి తాడు కట్టి బయటికి తీసుకెళ్ళండి. ఒక్కసారే పిలవండి. పిలిచి, వెనక్కి తిరిగి పరిగెత్తండి. వచ్చిందా, పండగ చేయండి. మెడపట్టా పట్టుకుని, రొయ్య పెట్టి, మళ్ళీ "పో, ఆడుకో" అని వదిలేయండి. ఈ వదిలేయడమే అసలు కిటుకు. వస్తే ఆట అయిపోతుందని దానికి అనిపించకూడదు. రాకపోతే నోరు మూసుకుని తాడు పట్టుకుని దగ్గరికి వెళ్ళండి. రెండోసారి మాత్రం పిలవొద్దు. నోరు దురద పెడుతుంది. పెట్టనీ.

ఈ రోజు పీతల గుంపు మధ్యలో ఉండగా పిలిచాను. మిరియం తల తిరిగింది! తలతో పాటు ఒళ్ళంతా తిరిగింది! పీతల్ని వదిలేసి నా దగ్గరికి దూకింది. నేను దాన్ని ఎత్తుకుని గంతులేశాను. ఈ వయసులో నడుం పట్టేసింది. పట్టేస్తే పట్టేసింది.

5
అంతా బాగుండి చివర్లో చెడింది.

పనంతా అయ్యేదాకా పిలిచినప్పుడల్లా వచ్చింది. తాడు విప్పేసినా వచ్చింది. ఇంటికి వెళ్ళే వేళకు మేట దగ్గర నిలబడి "ఇదిగో" అన్నాను. వచ్చింది, వచ్చింది, గుమ్మం కనబడే చోటుకు రాగానే బిగుసుకుపోయింది. తోక కాళ్ళ మధ్యకు పోయింది. నేను ఒక అడుగు ముందుకు వేస్తే అది రెండు అడుగులు వెనక్కి. రొయ్య చూపించాను. రొయ్యను చూసింది, గుమ్మాన్ని చూసింది, కూర్చుండిపోయింది.

గుమ్మంలో బుల్లెమ్మ పిన్ని బిందెతో నిలబడి ఉంది.

పిన్ని పనే అది. పర్ర మీంచి ఎవరొచ్చినా గుమ్మంలో కాళ్ళకు మంచినీళ్ళు ఇస్తుంది. చుట్టూ ఇంత ఉప్పు సముద్రం పెట్టుకుని మంచినీటి చుక్కను కంటికి రెప్పలా చూసుకునే మనుషులం మేం. ఆ నీళ్ళు కాళ్ళ మీద పడితేగానీ ఇల్లు చేరినట్టు కాదు. మాకు చారెడు నీళ్ళు ఇచ్చే పిన్ని, మిరియానికి మాత్రం బిందెడు పోస్తుంది. "పసిబిడ్డ, పాపం ఒళ్ళంతా ఉప్పు" అంటూ నెత్తి మీంచి, చెవుల్లోంచి, తోక దాకా. ఈ మేట మీద ఇంకెవ్వరికీ అంత మర్యాద జరగలేదు. నేను కూడా పక్కన నిలబడి మురిసిపోయేదాన్ని.

కుక్కకు అది మర్యాద అని ఎవరు చెప్పారు? ఆ గుమ్మంలో వీచే చలిగాలికి, ఆ చల్లటి నీళ్ళకు అది గజగజ వణికిపోయేది. ఇంటికి రమ్మని పిలిచిన ప్రతిసారీ చివర్లో దానికి దొరికింది ఆ వణుకే. ఎందుకొస్తుంది? నేనైనా రాను.

6
పిన్నితో మాట్లాడాను. మాట్లాడకుండా ఉంటే బాగుండేది.

"పిన్నీ, రేపట్నుంచి దానికి నీళ్ళొద్దే" అన్నాను.

"ఏం, జలుబు చేసిందా?"

"లేదు. దానికి నీళ్ళంటే భయం. అందుకే గుమ్మం దగ్గరికి రావట్లేదు."

పిన్ని బిందె కింద పెట్టింది. "నా చేతి నీళ్ళంటే భయమా?"

"నీ చేతివని కాదే. ఎవరు పోసినా అంతే."

"ఓసి నీ దుంపతెగ, ఇంతా చేసి నామీదకే తెచ్చావా? బిడ్డలా చూసుకున్నానే దాన్ని!" పిన్నికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "సరే, నీ మాటే నిజం అనుకో. పర్ర మీంచి వచ్చినవాళ్ళకి నీళ్ళివ్వకుండా లోపలికి తెచ్చేది ఎవర్నే? చెప్పు. ఎవర్ని?"

నాకు తెలుసు. శవాన్ని. గుల్లనేలలో పోయినవాళ్ళను మాత్రమే నీళ్ళు లేకుండా లోపలికి తెస్తారు. బాబాయిని అలాగే తెచ్చారు. ఆ రోజు కూడా గుమ్మంలో పిన్నే ఉంది, నిండు బిందెతో.

"నా చేతులతో నేను ఇంకోసారి ఆ పని చెయ్యలేనే" అంది పిన్ని. "కావాలంటే చెంబుడే పోస్తాను. మానెయ్యమని మాత్రం అనకు."

చెంబుడైనా చలి చలే. కానీ ఆ మొహం చూశాక ఏమనగలను? ఆలోచించి, మేటకు వెనకవైపు ఉన్న సరుకుల కంత గుర్తుచేసుకున్నాను. నాచు మూటలు లోపలికి తోసే కంత అది. అక్కడ గుమ్మమూ లేదు, బిందె మర్యాదా లేదు. మిరియం అందులోంచి లోపలికి వస్తే పిన్ని మాట పోదు, నా పిలుపూ చెడదు. తర్వాత గదిలో గోరువెచ్చటి తడిగుడ్డతో తుడుస్తాను.

పిన్ని ఒప్పుకుంది. మూతి ముడుచుకునే ఒప్పుకుంది. మిరియం కంతలోంచి ఒక్క దూకులో లోపలికి వచ్చి నా మొహం నాకేసింది. నాకిక తిరుగు లేదు!

7
పిలుపు బాగా కుదిరింది. మరీ బాగా కుదిరింది.

దూరంలో ఉంది, పిలిచాను. బాణంలా వచ్చింది. మా ఇద్దరి మధ్య నిన్ననే తుమ్మి చూపించిన గుల్ల ఉంది. నడిచేటప్పుడు దాని ముక్కు నేల మీద ఉంటుంది. పిలిచాక ముక్కు నా రొయ్య మీద ఉంటుంది! అంచు మీంచి పోయింది కాబట్టి బతికింది.

అంటే రమ్మనడం ఒక్కటే చాలదు. వస్తున్నదాన్ని ఉన్నచోటే కూలబడేలా చేయాలి. అందుకు మాట "పడుకో". మాటతో పాటు చెయ్యి నిటారుగా పైకి. గాలిలో గొంతు అందకపోయినా చెయ్యి కనబడుతుంది, పొగలో చెయ్యి కనబడకపోయినా గొంతు అందుతుంది.

అవతలి మేటవాళ్ళకు: పడుకోగానే రొయ్యను కుక్క వెనక్కి విసరండి. మీ దగ్గరికి పిలిచి పెట్టారో, పడుకున్నట్టే పడుకుని మీవైపు పాక్కుంటూ వస్తుంది. మిరియం మొదట అదే చేసింది, దొంగ మొహం. వెనక్కి విసరడం మొదలుపెట్టాక, పడుకోమంటే చాలు, రొయ్య ఆకాశంలోంచి వీపు వెనక రాలుతుందని దానికి నమ్మకం కుదిరింది. నడుస్తుంటే పడుకుంది. ఆడుతుంటే పడుకుంది. పీత వెంట పరిగెడుతుంటే కూడా దభీమని పడుకుంది! ఆ పీత కూడా ఆశ్చర్యపోయి ఆగినట్టుంది.

ఒక్కటే భయం. పిలిచి మధ్యలో ఆపడం అనేది తరచుగా చేయించకూడదు. చేయిస్తే, ఎలాగూ ఆపుతుంది కదా అని పిలుపుకు నింపాదిగా రావడం మొదలుపెడుతుంది. ఒకటి రెండుసార్లు చూసి వదిలేశాను. చేసింది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు చేస్తుందో లేదో ఎవరు చెప్పగలరు?

8
పెద్ద పాటు. ఇంత పెద్దది నేనెప్పుడూ చూడలేదు. సముద్రం కనుచూపు మేరలో లేదు.

ఇది గదిలో కూర్చుని రాస్తున్నాను. జరిగింది జరిగినట్టే రాస్తాను.

పొద్దున్నే మిరియం ముందు, వెనక నేను, నా వెనక పల్లంరాజు గారు, ఆ వెనక జనం బల్లబండ్లతో. తాడు లేదు. అది ఆగి తుమ్మినప్పుడల్లా మేం పక్కకు తప్పుకున్నాం. దూరపు పర్రలో నాచు మోకాలెత్తున ఉంది. కోసినవాళ్ళకు కోసినంత! పల్లంరాజు గారు కూడా పంచె ఎగ్గట్టి కొడవలి పట్టారు. "మంచి కుక్కేనమ్మా" అన్నారు. ఆ మాటకే నేను గాల్లో తేలిపోయాను. బండ్లు నింపుకుని జనం ముందే వెనుదిరిగారు. మేమిద్దరం చివరి మోపు కడుతున్నాం. మిరియం దూరంగా వాసన చూసుకుంటూ తిరుగుతోంది.

అప్పుడు మేట మీంచి కొమ్ము ఊదారు. పోటు ముందే మొదలైంది.

"పిలు" అన్నారు పల్లంరాజు గారు.

"మిరియం, ఇదిగో!"

తల తిరిగింది, ఒళ్ళు తిరిగింది, బయల్దేరింది. ఎంత అందంగా వస్తోందో! అంతలో ఆయన నా భుజం నొక్కి చూపించారు. మాకూ దానికీ మధ్య పర్ర ఉబ్బుతోంది. పోటు నీళ్ళు అడుగునుంచి తన్నుకొస్తే పెచ్చు పూరీలా లేస్తుంది, ఆ తర్వాత పగులుతుంది. మిరియం సరిగ్గా దాని మీదికే వస్తోంది.

చెయ్యి పైకెత్తి, నాలో ఉన్న గొంతంతా పెట్టి "పడుకో!" అని అరిచాను.

పడుకుంది. వస్తున్న ఊపుకు కొంత దూరం జారి మరీ పడుకుంది. కడుపు నేలకు ఆనించి, చెవులు నిక్కబొడుచుకుని, నన్నే చూస్తూ. దాని ముక్కు ముందు పర్ర దబ్బున పగిలి బురదనీళ్ళు మా ఇద్దరి ఎత్తున ఎగిశాయి. నీళ్ళు మీద పడినా లేవలేదు. నా బంగారం, లేవలేదు!

ఇప్పుడు పిలిస్తే తిన్నగా ఆ గోతిలోకే వస్తుంది. దానికి చుట్టూ తిరిగి రమ్మని చెప్పే మాట నేను నేర్పలేదు. కాబట్టి మేమే జరగాలి. కుడివైపు రాతి గట్టు ఒకటి ఉంది, దాని మీదికి వెళ్ళి పిలిస్తే మిరియానికి గట్టినేల దారి దొరుకుతుంది. దానికి వీపు తిప్పి నడవడం నా వల్ల అవుతుందని అనుకోలేదు. నడిచాను. గట్టు ఎక్కేసరికి ఉప్పుపొగ మా మధ్య కమ్ముకుంది. మిరియం కనబడలేదు. పొగలో ఎక్కడో సముద్రం రొద.

"మిరియం, ఇదిగో!"

ఏమీ రాలేదు. చప్పుడు కూడా లేదు.

"మళ్ళీ పిలవమ్మా" అన్నారు పల్లంరాజు గారు. "వినపడలేదేమో, మళ్ళీ పిలు!"

పెదవులు పళ్ళతో నొక్కిపట్టుకుని తల అడ్డంగా ఊపాను. నేనెంత మొండిదాన్నో నాకు తెలుసు గానీ, అది మొండితనం కాదు. నాకున్నది ఆ ఒక్క మాటే. దాన్ని గాలి చప్పుడు చేసుకోలేను.

పొగలోంచి ముందు తుమ్ము వినిపించింది. తర్వాత టపటపమని కాళ్ళు. తర్వాత నల్లటి మూతి! నా ఒళ్ళోకి దూకి నన్ను వెల్లకిలా పడేసింది. పల్లంరాజు గారు మమ్మల్ని ఇద్దర్నీ రెక్క పట్టుకుని లేపారు. పరిగెత్తాం.

మేట కనబడ్డాక గానీ నాకు గుర్తు రాలేదు. సరుకుల కంత! పెద్ద పోటుకు దాన్ని పొద్దున్నే మూసి బిగించేస్తారు. అంత ముందుగా ఆలోచించి పెట్టుకున్న నేను ఆ ఒక్కటీ ఆలోచించలేదు. లోపలికి దారి గుమ్మం ఒక్కటే.

తలుపు అప్పటికే సగం దిగింది. వంగి లోపలికి దూరాం. నేను పరిగెడుతూనే లోపలికి పోయాను, మిరియం నా వెనకే వస్తుందని. గుమ్మం దాకా వచ్చింది. అక్కడ ఆగిపోయింది. తోక కాళ్ళ మధ్యకు పోయింది. దాని చూపు బుల్లెమ్మ పిన్ని చంకలో ఉన్న బిందె మీద ఉంది. దాని వెనక పర్ర మీద తెల్లటి నురగ గీత పరుగున వస్తోంది.

రొయ్య చూపించాను. కూర్చుంది. తలుపు నడుం దాకా దిగింది. నేను బయటికి వంగాను. పల్లంరాజు గారు వెనకనుంచి నా జబ్బ పట్టుకున్నారు. "వద్దమ్మా" అన్నారు. విదిలించుకున్నాను. వదల్లేదు. ఆయన చెప్పింది నిజమే, నేను పరిగెడతాను. ఆయన చెయ్యి కొరికైనా విడిపించుకుని వెళ్ళేదాన్నే.

అంతలో పక్కన భళ్ళున నీళ్ళు పడ్డ చప్పుడు.

పిన్ని బిందె వంచేసింది. నిండు బిందె మంచినీళ్ళు గచ్చు మీద పారబోసింది. ఆ నీళ్ళు మా కాళ్ళ కింద నుంచి కాలువలోకి పోతుంటే లోపల జనం నోళ్ళు తెరిచి చూశారు. పిన్ని బిందెను బోర్లించి దూరంగా తోసేసి, గచ్చు మీద చతికిలబడి, ఖాళీ చేతులు చాపింది.

"చూడు తల్లీ, ఏం లేవు. ఏం పొయ్యను. రా నాన్నా."

మిరియం చేతుల్ని చూసింది. బోర్లా పడ్డ బిందెను చూసింది. తలుపు మోకాలి దాకా దిగింది. అప్పుడు కడుపు నేలకు ఆనించి, తలుపు కింద నుంచి పాకుతూ వచ్చి, పిన్ని ఒళ్ళో తల పెట్టింది. తలుపు దబ్బుమని కూర్చుంది. అవతల సముద్రం వచ్చి గుద్దుకుంది.

పిన్ని కుక్క పక్కటెముకల మీద చెయ్యి వేసి అలాగే ఉంచింది. అవి పైకీ కిందికీ కదులుతున్నాయి. పిన్ని చెయ్యి కూడా వాటితో పాటు కదులుతోంది.

"నీళ్ళివ్వకుండానే లోపలికొచ్చిందే తాయారూ" అంది. "ఊపిరితో వచ్చింది. చూడవే, ఊపిరితో వచ్చింది."

ఏడుస్తోందో నవ్వుతోందో నాకు తెలియలేదు. నేను మాత్రం రెండూ చేశాను.

9
పోటు తగ్గింది. ఓడ వచ్చి వెళ్ళింది.

ఓడవాళ్ళు మంచుపెట్టె దింపబోతే పల్లంరాజు గారు చెయ్యి అడ్డం పెట్టారు. "దాన్ని దింపకండి. మళ్ళీ ఖాళీగా మాత్రం తేకండి. వచ్చేసారి అందులో ఇంకో పిల్లని పెట్టి తెండి. మా తాయారు నేర్పుతుంది" అన్నారు. నాతో మాట మాత్రం అనకుండానే ఒప్పేసుకున్నారు. నేను కూడా అడ్డం చెప్పలేదు.

సాయంత్రం మిరియాన్ని పర్ర మీద వదిలి గుమ్మంలో కూర్చున్నాను. పిన్ని బిందె గోడ వారగా పెట్టి వచ్చి నా పక్కన నిలబడింది. నాచు మోపుల వాళ్ళు ఇంకా రాలేదు.

"దాన్ని నేనోసారి పిలవనా?" అంది.

రొయ్య ఒకటి పిన్ని చేతిలో పెట్టాను. పిన్ని గొంతు సవరించుకుంది. చీర సర్దుకుంది. పెళ్ళిచూపులకు కూడా అంత కంగారు పడి ఉండదు.

"మిరియం, ఇదిగో!"

దూరంగా పీతల మధ్య ఉన్న నల్లటి చుక్క కదల్లేదు. పిన్ని నోరు మళ్ళీ తెరుచుకోబోయింది. వెంటనే రొయ్యతో సహా చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. రెండో చెయ్యి కూడా దాని మీద పెట్టి గట్టిగా నొక్కుకుంది. కళ్ళు మాత్రం పెద్దవి చేసి అలాగే చూస్తూ నిలబడింది.

చుక్క తిరిగింది. పెద్దదవుతోంది. చెవులు కనబడుతున్నాయి. కాళ్ళు కనబడుతున్నాయి.

"వస్తోందే!" అంది పిన్ని వేళ్ళ సందులోంచి. "తాయారూ, నా దగ్గరికే వస్తోందే!"